తీగ కలిసింది సరే, తూకం ఎవరి చేతిలో?

(ఉమ్మడి విద్యుత్ మార్కెట్‌పై అనంతపురం జిల్లా రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా వేరుశనగ ధర మీద, పంటల బీమా మీద మాట్లాడిన మిత్రులకు చప్పట్లు బాగా పడ్డాయి. మాకు ఇచ్చిన అంశం కరెంటు మార్కెట్. ఆ మాట చెప్పగానే కొందరు టీ తాగడానికి లేచారు. వాళ్లను తప్పుపట్టం. ఈ విషయాన్ని ఇన్నాళ్లూ ఇంగ్లీషు కాగితాల్లోనే తిప్పారు, మన దాకా రానివ్వలేదు. కానీ రేపు మన మోటారు ఎన్ని గంటలు తిరుగుతుంది, దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది అనేది ఆ కాగితాల్లోనే తేలబోతోంది. అందుకని ఒక్క అరగంట ఓపిక పట్టమని కోరుతున్నాం.

విషయం ఇది. ఇప్పుడు ప్రతి రాష్ట్రమూ తన డిస్కంల కోసం తానే ఒప్పందాలు చేసుకుని, తన కేంద్రాల నుంచి తానే కరెంటు తెచ్చుకుంటోంది. లోటు పడితే బయట కొంటోంది. దీన్ని మార్చి, దేశంలో పుట్టే కరెంటంతా ఒకే ఉమ్మడి మార్కెట్‌కు రావాలి, రాష్ట్రాలన్నీ అక్కడే కొనాలి అనేది ప్రతిపాదన. 2021 జూన్‌లో కేంద్ర విద్యుత్ శాఖ దీని మీద చర్చాపత్రం పెట్టింది. 2022 ఏప్రిల్ నుంచి మొదటి దశ నడుపుతామన్నారు. రాష్ట్రాలు అభ్యంతరాలు చెప్పాయి. అనుకున్న తేదీకి అది మొదలు కాలేదు. అలాగని ఆలోచన పోలేదు. 2025 జూలైలో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి, దేశంలో ఉన్న మూడు పవర్ ఎక్స్ఛేంజీల బేరాలనూ కలిపి ఒకే ధర తేల్చే పద్ధతికి ఆదేశం ఇచ్చింది. అంటే మెట్టు మెట్టుగా అటే నడుస్తున్నారు.

దీని మీద మన సంఘంలోనే రెండు అభిప్రాయాలున్నాయి. దాచుకోవాల్సిన పని లేదు. పాత కార్యకర్తలు చాలామంది, మార్కెట్ అనే మాట వింటేనే వద్దంటున్నారు. సౌర విద్యుత్తు చవకైంది, ఉమ్మడిగా కొంటే లాభమే కదా అని చదువుకున్న పిల్లలు అడుగుతున్నారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది. ఆ నిజాలను వేరు చేసి చూద్దామనే ఈ ప్రయత్నం.

తీగ కలిసిన సంగతి

ముందు ఒక తేడా గుర్తు పెట్టుకోవాలి. గ్రిడ్ కలవడం ఒకటి, మార్కెట్ కలవడం ఇంకొకటి. ఊరికి రోడ్డు వేయడం, ఊరి పంటంతా ఒకే మండీలో అమ్మాలనడం ఎంత వేరో ఇదీ అంతే.

2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతంలో గ్రిడ్ కూలింది. రెండో రోజు ఉత్తరాది, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయాయి. 60 కోట్ల మందికి పైగా చీకట్లో ఉండిపోయారు. రైళ్లు ఎక్కడివక్కడ ఆగాయి. ఆ రోజు మన దక్షిణాదిలో మాత్రం దీపాలు వెలిగాయి. ఎందుకంటే అప్పటికి మన గ్రిడ్ వాళ్ల గ్రిడ్‌తో నేరుగా కలవలేదు. తాల్చేరు నుంచి కోలారుకు వచ్చే లైన్ లాంటివి కొన్ని ఉన్నా, అవి ఒకవైపు కుదుపు రెండోవైపుకు తగలకుండా కట్టిన లైన్లు.

చూశారా, విడిగా ఉంటేనే మేలు అని అప్పట్లో మనమూ అనుకున్నాం. కానీ ఆ ఏడాది, ఆ తర్వాతి ఎండాకాలం మనకెలా గడిచిందో ఈ సభలో ఉన్నవాళ్లంతా చూసినవాళ్లే. ఏడు గంటలని చెప్పి, అదీ రెండు మూడు విడతలుగా, రాత్రి ఒంటిగంటకు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఇచ్చేవాళ్లు. టార్చిలైటు పట్టుకుని పొలానికి పోయి పాము కాటుకు, కరెంటు షాకుకు పోయిన వాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఫ్యాక్టరీలకు పవర్ హాలిడేలు పెట్టారు. ఆ సమయంలో దేశంలో కొన్నిచోట్ల కరెంటు మిగిలే ఉంది. తెచ్చుకోవడానికి చాలినన్ని తీగలు లేవు. అందుకే ఎక్స్ఛేంజీలో ఉత్తరాదికి ఒక ధర, దక్షిణాదికి అంతకంటే ఎక్కువ ధర పలికేది. అక్కడ కొలిమి ఆరిపోతుంటే ఇక్కడ మన చెట్లు ఎండిపోయాయి.

2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైన్‌తో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. ఆ తర్వాత లైన్లు పెరిగాయి, కోతలు తగ్గాయి. ఇది మేలు జరిగిన మాట. మేలును మేలనే చెప్పాలి. తీగ కలపడాన్ని మనం వ్యతిరేకించడం లేదు. మన ప్రశ్న తూకం గురించి.

ఆ మార్కెట్ ఎలా నడుస్తుంది?

మన దగ్గర పవర్ ఎక్స్ఛేంజీలు 2008 నుంచి నడుస్తున్నాయి. అక్కడ రోజును 15 నిమిషాల ముక్కలుగా, మొత్తం 96 ముక్కలుగా విడగొడతారు. ఒక్కో ముక్కకు ముందు రోజే బేరం జరుగుతుంది. ఇంత ధరకు ఇంత ఇస్తామని అమ్మేవాళ్లు చెబుతారు. ఇంత ధర దాకా ఇంత కొంటామని కొనేవాళ్లు చెబుతారు. చవక కరెంటుతో మొదలుపెట్టి పైకి పేర్చుకుంటూ పోతారు. అవసరం తీరడానికి చివరగా ఏ కేంద్రం కరెంటు తీసుకోవాల్సి వచ్చిందో, ఆ కేంద్రం ధరే అందరికీ ఇస్తారు.

మదనపల్లె టమాటా మార్కెట్‌తో పోల్చి చూడండి. ఒకాయన పెట్టె 200కు ఇస్తానన్నాడు. ఇంకొకాయన 300. చివరి పెట్టె దొరకాలంటే 700 పెట్టాల్సి వచ్చింది. అప్పుడు 200కు ఇస్తానన్నవాడికీ 700 ఇస్తారన్నమాట. టమాటా రైతుకు ఇంత ఉదారంగా లెక్క కట్టే మండీ ఏదన్నా ఉంటే చెప్పండి, రేపే బండి కట్టుకుని పోదాం! మనకు మాత్రం చివరి పెట్టె ధర అందరికీ పడే నియమం, ధర పడిపోయిన రోజునే గుర్తొస్తుంది.

ఈ పద్ధతికి ఒక తర్కం ఉంది, కాదనం. అందరూ తమ అసలు ఖర్చే చెబుతారు, చవక కేంద్రాలు ముందు నడుస్తాయి, ఖరీదైనవి ఆగుతాయి అంటారు. సరుకు సమృద్ధిగా ఉన్నప్పుడు అది నిజమే. కొరత వచ్చినప్పుడే చిక్కు. నూటికి 95 యూనిట్లు మూడు రూపాయల ఖర్చుతో పుట్టినా, ఆ చివరి ఐదు యూనిట్లు పది రూపాయలదైతే మొత్తం నూరూ పది రూపాయలే.

ఇప్పుడు మన డిస్కంలు ఎక్స్ఛేంజీలో కొనేది మొత్తంలో కొద్ది భాగమే. ఎక్కువ భాగం దీర్ఘకాల ఒప్పందాల కింద వస్తుంది. అందుకే ఎక్స్ఛేంజీలో ధర ఎగిరినా మన ఇంటి పైకప్పు ఎగిరిపోలేదు. మొత్తం కరెంటును ఆ బేరంలోకి తెమ్మంటే ఏమవుతుందన్నదే అసలు చర్చ. పాత ఒప్పందం ఉన్నవాళ్లకు తేడా సొమ్ము వెనక్కి సర్దుతామని 2021 చర్చాపత్రం చెప్పింది. ఒప్పందం ఉన్నంతకాలం సరే. గడువు తీరిన తర్వాత ఏమిటి? ముందు డబ్బు కట్టి కొనాల్సి వస్తే, ఇప్పటికే బకాయిల్లో మునిగిన డిస్కం ఆ పెట్టుబడి ఎక్కడి నుంచి తెస్తుంది? షావుకారు దగ్గర అప్పు తెచ్చి విత్తనం కొన్నవాడి గతి మనకు తెలియనిది కాదు.

ఇంకో మాట. చవక కేంద్రాలను ముందు నడపడానికి బేరమే అవసరం లేదు. 2019 ఏప్రిల్ నుంచి కేంద్ర విద్యుత్ కేంద్రాల్లో, ఎవరి ఒప్పందాలు వాళ్లకు ఉంచుతూనే, తక్కువ ఖర్చు కేంద్రాన్ని ముందు నడిపే పద్ధతిని జాతీయ లోడ్ డిస్పాచ్ కేంద్రం అమలు చేసింది. ఆదా కూడా వచ్చింది. అంటే లాభం వచ్చింది కలిసి నడపడం వల్ల. వేలం పాట వల్ల కాదు. ఈ రెండింటినీ కలిపి మనకు ఒకే మాటగా చెబుతున్నారు.

2022 ఎండాకాలం

2021 అక్టోబర్‌లో బొగ్గు కొరత వచ్చింది. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో మళ్లీ వచ్చింది. ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర 20 రూపాయలు తాకింది. కరెంటు పుట్టించే ఖర్చు ఒక్కసారిగా నాలుగింతలు పెరిగిందా? లేదు. కొరత ఉంది కాబట్టి అంత అడిగారు. చివరకు కేంద్ర నియంత్రణ మండలి 2022 ఏప్రిల్‌లో 12 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టింది. తర్వాత ఏడాది దాన్ని 10 రూపాయలకు తగ్గించింది. మార్కెట్ తనంతట తాను సర్దుకుంటుందన్న వాళ్లే పగ్గం వేయాల్సి వచ్చింది.

ఆ ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. పరిమితి ధర పెట్టి కొందామన్నా చాలినంత కరెంటు దొరకలేదు. ఇది బాగా గుర్తు పెట్టుకోండి. ఎండలు దేశమంతా ఒకేసారి ముదిరితే, బొగ్గు అందరికీ ఒకేసారి తగ్గితే, ఉమ్మడి మార్కెట్లో కూడా సరుకు ఉండదు. ఊరంతటికీ ఒకే బోరు ఉంటే అది ఎండిననాడు ఊరంతా ఎండినట్టే.

అదే ఏడాది ఆగస్టులో ఇంకొకటి జరిగింది. ఉత్పత్తిదారులకు బకాయిలు ఉన్నాయని 13 రాష్ట్రాల డిస్కంలను ఎక్స్ఛేంజీల్లో లావాదేవీలు జరపకుండా ఆపేశారు. అందులో ఆంధ్రప్రదేశ్ ఉంది, తెలంగాణ ఉంది. మా లెక్క సరిగానే ఉంది, డబ్బు కట్టేశామని కొన్ని రాష్ట్రాలు మొత్తుకున్నాయి. కొన్ని రోజుల్లో సర్దుకుంది, నిజమే. అయినా ఆలోచించండి. ఇవాళ కొద్ది భాగం కొనే మార్కెట్ తలుపు మూస్తేనే అంత కంగారు. కరెంటంతా ఆ ఒక్క తలుపు గుండానే రావాల్సి ఉంటే, ఒక్క సంతకంతో వరి నాట్ల మీద ఉన్న రాష్ట్రం మోటార్లు ఆపేయొచ్చు. రాజ్యాంగంలో విద్యుత్తు ఉమ్మడి జాబితాలో ఉంది. ఉమ్మడి అంటే ఇద్దరి మాటా చెల్లాలి.

బయట ఏం జరిగింది?

ఈ పాఠం మనకొక్కరికే కాదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1998లో ఇలాంటి మార్కెట్ తెరిచింది. రెండేళ్లు తిరిగేసరికి ధరలు ఆకాశానికంటాయి. కరెంటు ఉండి కూడా కొరత సృష్టించి వ్యాపారులు లాభాలు గుంజారని తర్వాత విచారణల్లో తేలింది. ఆ వ్యాపారుల్లో ఎన్రాన్ ఒకటి. మహారాష్ట్రలో దభోల్ ప్రాజెక్టు పెట్టిన ఎన్రానే. 2001లో అక్కడి పెద్ద పంపిణీ కంపెనీ దివాళా తీసింది. అదే ఏడాది చివరకు ఎన్రానూ కూలింది.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో మంచు తుఫాను వచ్చింది. అక్కడ యూనిట్ ధర 9 డాలర్ల గరిష్ఠ పరిమితిని తాకి రోజుల తరబడి అక్కడే నిలిచింది. మన లెక్కలో యూనిట్‌కు 650 రూపాయలకు పైనే. మార్కెట్ ధరకే నేరుగా కొనే పథకంలో ఉన్న ఇళ్లకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. చలికి వందల మంది చనిపోయారు.

అయితే టెక్సాస్ కథలో రెండో సగం కూడా చెప్పాలి. చెప్పకపోతే మనం అబద్ధమాడినట్టే. టెక్సాస్ గ్రిడ్ పక్క రాష్ట్రాలతో దాదాపు కలవకుండా విడిగా ఉంటుంది. అందుకే ఆపదలో పక్కవాళ్ల నుంచి కరెంటు తెచ్చుకోలేకపోయింది. ఇరవై ఏళ్ల క్రితం చేతులు కాల్చుకున్న కాలిఫోర్నియా కూడా, ఏళ్ల తరబడి వాదించుకుని, 2025లో పొరుగు రాష్ట్రాలతో కలిసి ప్రాంతీయ మార్కెట్‌లో చేరడానికి వీలిచ్చే చట్టం చేసింది. వాళ్ల వాదన కలవాలా వద్దా దగ్గర మొదలై, అజమాయిషీ ఎవరిది, మా రాష్ట్ర విధానాలకు దిక్కేమిటి అనే ప్రశ్నల దగ్గర ఆగింది. మనం అడగాల్సినవీ అవే ప్రశ్నలు. వాళ్లు చట్టసభలో అడిగారు. మనల్ని ఎవరూ అడగలేదు.

పగటి కరెంటుకు సిసలైన గిరాకీ మనమే

ఇప్పుడు మనకు బలం ఎక్కడుందో చూద్దాం. ఇది చదువుకున్న పిల్లలు చెప్పిన మాటే, కాస్త రైతు లెక్కలో పెడుతున్నాం.

ఈ జిల్లాలో ఎక్కడ చూసినా సోలార్ పలకలే. పక్కన కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కు 2017లోనే వచ్చింది. సౌర విద్యుత్తు పెరిగేకొద్దీ మధ్యాహ్నం మార్కెట్లో కరెంటు పొంగిపొర్లుతోంది. ఎండ బాగా కాసి గిరాకీ లేని వేళ యూనిట్ ధర రూపాయి, రెండు రూపాయలకు పడిపోయిన రోజులున్నాయి. పొద్దుగూకాక అదే ధర పది రూపాయల పరిమితిని తాకుతోంది.

మన వ్యవసాయానికి ఇచ్చేది ఎప్పుడు? పగటిపూట తొమ్మిది గంటలు. రాత్రి కరెంటు వద్దు, పగలే ఇవ్వండని కొట్లాడి సాధించుకున్నది మనమే. ఆనాడు పాముల భయంతో, ప్రాణభయంతో అడిగాం. ఈనాడు అది దేశానికే లాభంగా మారింది. పొంగిపొర్లే మధ్యాహ్నపు కరెంటును తాగేవాడు కావాలి. ఆ తాగేవాడు మన మోటారు.

లెక్క వేద్దాం. 5 హెచ్‌పీ మోటారు గంటకు దాదాపు నాలుగు యూనిట్లు తింటుంది. తొమ్మిది గంటలకు 36 యూనిట్లు. సాయంత్రపు ధర పది రూపాయలు వేస్తే రోజుకు 360. మధ్యాహ్నపు ధర రెండు రూపాయలు వేస్తే 72. వంద రోజుల పంటకు ఒక లెక్కలో 36 వేలు, ఇంకో లెక్కలో 7,200. మోటారు అదే, నీళ్లు అవే. ప్రభుత్వం రైతులకు ఇన్ని వేల కోట్ల సబ్సిడీ ఇస్తున్నామని చెప్పేటప్పుడు ఏ ధరతో లెక్క కడుతోంది? రాత్రి ఏసీలు నడిచే వేళ కొన్న ఖరీదైన కరెంటును కూడా కలిపి సగటు తీసి, ఆ సగటును మన మోటారు మీద రుద్దుతున్నారు. గంట గంటకూ ధర ఉండే మార్కెట్ తెస్తామన్నవాళ్లు, ముందు మన సబ్సిడీ లెక్క కూడా గంట ప్రకారమే కట్టాలి. అలా కడితే రైతు మీద వేసిన నిందలో సగం అక్కడే రాలిపోతుంది.

ఇక్కడే ఇంకో సంగతి. మన తొమ్మిది గంటల పగటి కరెంటు కోసమని 2021లో 7 వేల మెగావాట్ల సౌర విద్యుత్తుకు యూనిట్ 2.49 రూపాయల చొప్పున 25 ఏళ్ల ఒప్పందం చేసుకున్నారు. ఆ కరెంటు పుట్టేది రాజస్థాన్ లాంటి దూర రాష్ట్రాల్లో. అనంతపురం ఎండ ఎవరికి చేదు? మన భూములు కౌలుకు ఇచ్చాం, అమ్ముకున్నాం, ఇక్కడి పార్కుల కరెంటు ఎటో పోతోంది, ఇక్కడి మోటార్లకు మాత్రం ఎక్కడి నుంచో రావాలి. పీఎం కుసుమ్ పథకంలో రైతులు, రైతు సంఘాలు సొంత భూమిలో చిన్న సౌర కేంద్రం పెట్టి దగ్గరి సబ్‌స్టేషన్‌కు కరెంటు ఇచ్చే వీలుంది. ఆ దారిని వెడల్పు చేస్తే లైన్ నష్టం తగ్గుతుంది, ఫీడర్ చివరన ఉన్నవాడికి ఓల్టేజీ వస్తుంది, అమ్ముకునే సొమ్ము మన ఊళ్లోనే ఉంటుంది.

నీళ్లతో బేరమాడొద్దు

రాయలసీమవాళ్లం కాబట్టి ఈ మాట మనమే అడగాలి. జల విద్యుత్తును సాయంత్రం వేళ క్షణాల్లో మొదలుపెట్టి ఆపొచ్చు. కాబట్టి సాయంత్రం ధర ఎక్కువున్న మార్కెట్లో అది బంగారం. శ్రీశైలంలో 854 అడుగుల నీటిమట్టం ఉంటేనే పోతిరెడ్డిపాడుకు సరిగా నీళ్లు ఎక్కుతాయి. మట్టం తక్కువగా ఉన్నప్పుడు కరెంటు కోసం నీళ్లు వదులుతున్నారని 2021లో రెండు తెలుగు రాష్ట్రాల మధ్య ఎంత గొడవ జరిగిందో చూశాం. పోలీసులను పెట్టుకునే దాకా వచ్చింది. అప్పుడు అక్కడ మార్కెట్ ఆశ ఇంత లేదు. రేపు సాయంత్రం యూనిట్‌కు పది రూపాయలు పలుకుతుంటే, టర్బైన్ తిప్పే చెయ్యి ఆగుతుందా? ఇది ఆంధ్రా రైతు, తెలంగాణ రైతు అని తేడా లేని ప్రమాదం. ముందు తాగునీరు, తర్వాత సాగునీరు, ఆ తర్వాతే కరెంటు. ఈ వరసను ఏ మార్కెట్టూ మార్చడానికి వీల్లేదని రాతపూర్వకంగా ఉండాలి.

నెత్తురు మరిచిపోలేదు

సంస్కరణ అనే మాటకు మనం ఎందుకు ఉలిక్కిపడతామో పిల్లలకు చెప్పాలి. 1998లో ఉమ్మడి రాష్ట్రంలో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. ప్రపంచ బ్యాంకు అప్పు దాని వెనక ఉంది. 1999లో విద్యుత్ బోర్డును ముక్కలు చేశారు. 2000లో ఛార్జీలు పెంచారు. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో జనం మీద కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ నెత్తుటి ఫలితమే 2004 మే 14న ఉచిత విద్యుత్తు మీద పడిన సంతకం. ఆ తర్వాత ఏ పార్టీ వచ్చినా దాన్ని తీసేయడానికి జంకింది.

నేరుగా తీసేయలేనివాళ్లు పక్కదారులు వెతుకుతారు. 2020లో మన రాష్ట్రంలో వ్యవసాయ మోటార్లకు మీటర్లు, ఖాతాలో నగదు బదిలీ అన్నారు. శ్రీకాకుళంలో మొదలుపెట్టారు. విద్యుత్ సంస్కరణలు చేస్తే అదనంగా అప్పు తెచ్చుకోనిస్తామని కేంద్రం ఆశ పెట్టింది. ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాది పాటు కూర్చున్న రైతులు మూడు సాగు చట్టాలతో పాటు విద్యుత్ సవరణ బిల్లునూ వెనక్కి తీసుకోమని అడిగింది ఇందుకే. అయినా 2022 ఆగస్టులో బిల్లు లోక్‌సభకు వచ్చింది. 2025 అక్టోబర్‌లో మరో ముసాయిదా వచ్చింది. ఖర్చుకు తగ్గ ఛార్జీ, క్రాస్ సబ్సిడీ తగ్గింపు అనే మాటలు ప్రతిసారీ తిరిగి తిరిగి వస్తున్నాయి.

ఉమ్మడి మార్కెట్‌ను దీనితో కలిపి చూస్తేనే భయం అర్థమవుతుంది. మార్కెట్లో ధర పెరిగితే డిస్కం ఆ భారాన్ని సర్దుబాటు ఛార్జీగా నెల నెలా బిల్లులో వేస్తుంది. యూనిట్‌కు 40 పైసల చొప్పున వేసినప్పుడు మన ఇళ్ల బిల్లులు ఎలా పెరిగాయో ఆడవాళ్లను అడగండి. వ్యవసాయం కరెంటు విషయంలో అది బిల్లుగా రాదు. సబ్సిడీ భారంగా లెక్క తేలి, భారం మోయలేమన్న మాటగా వస్తుంది. తర్వాత తొమ్మిది గంటలు ఏడవుతాయి, ఏడు ఐదవుతాయి. ఉచితం అని బోర్డు ఉంటుంది, తీగలో కరెంటు ఉండదు.

మనం ఏమనాలి?

మొత్తంగా వద్దంటే ఒక ఇబ్బంది ఉంది. మన దగ్గర కరెంటు మిగిలిన రోజు అమ్ముకోవడానికి చోటు కావాలి. వాడని కేంద్రాలకు కూడా స్థిర ఛార్జీలు కట్టి నష్టపోయిన సంవత్సరాలున్నాయి. లోటు వచ్చిన రోజు కొనుక్కోవడానికీ చోటు కావాలి. కరువు ఏడాది వరి ఎండుతుంటే, ఏ రేటుకైనా కొని ఇవ్వండని సబ్‌స్టేషన్ల ముందు కూర్చున్నది మనమే. కాబట్టి మార్కెట్ ఉండొద్దని మేము అనడం లేదు. మిగులు, లోటు సర్దుకునే సంతగా ఉండాలి. ఇంటి తిండి గింజలన్నీ సంతలోనే కొనే గతి పట్టకూడదు.

ఈ సదస్సు ముందు మేము పెడుతున్న షరతులు ఇవి. చర్చించి, మార్చాల్సినవి మార్చి, తీర్మానం చేయండి.

ఒకటి: రాష్ట్ర జెన్‌కో కేంద్రాలు, దీర్ఘకాల ఒప్పందాలు కొనసాగాలి. మార్కెట్లో కొనేది లోటు మేరకే. ఒప్పందాల గడువు తీరుతున్నప్పుడు ఏం చేయబోతున్నారో ముందే ప్రజలకు చెప్పాలి.

రెండు: ఎక్స్ఛేంజీలో గరిష్ఠ ధర పరిమితి శాశ్వతంగా ఉండాలి. పుట్టించే ఖర్చుకు, ఆ పరిమితికి పొంతన ఉండాలి.

మూడు: వ్యవసాయ సబ్సిడీని పగటి సరఫరా వేళ ఉన్న ఖర్చుతోనే లెక్కించాలి. దానికి ప్రతి మోటారుకూ మీటరు అక్కర్లేదు. వ్యవసాయ ఫీడర్‌ను విడదీసి, ఫీడర్ దగ్గర, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలిస్తే చాలు. సబ్సిడీ సొమ్మును చట్టంలోని 65వ సెక్షన్ చెప్పినట్టు ప్రభుత్వం డిస్కంకు ముందుగానే కట్టాలి.

నాలుగు: జలాశయాల కరెంటు నీటి అవసరాల తర్వాతే.

ఐదు: డిస్కం ఏ రోజు ఎవరి దగ్గర, ఏ వేళకు, ఎంత ధరకు కొన్నదో తెలుగులో ప్రతి నెలా ప్రకటించాలి. మండీలో కాటా రైతుకు కనబడేలా ఉండాలని మనం కొట్లాడలేదా? ఇదీ కాటానే.

ఆరు: ఉమ్మడి మార్కెట్‌లో చేరే ఏ ఒప్పందం మీదైనా సంతకం పెట్టే ముందు శాసనసభలో చర్చ జరగాలి. నియంత్రణ మండలి జిల్లాల్లో బహిరంగ విచారణ జరపాలి.

విచారణ అన్నాం కాబట్టి ఆఖరుగా మన తప్పు ఒకటి చెప్పుకోవాలి. ప్రతి ఏడాదీ ఛార్జీల మీద నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతోంది. అభ్యంతరాలు రాసివ్వమంటోంది. పరిశ్రమల వాళ్లు వకీళ్లను పెట్టుకుని కట్టలకొద్దీ కాగితాలతో వస్తారు. మన తరఫున నలుగురైదుగురు పెద్దలు ఏళ్ల తరబడి ఓపికగా వెళ్లి మాట్లాడుతున్నారు. మిగతా మనం ధర్నా రోజున తప్ప కనబడం. ధర్నా కావాలి, కానీ తూకం జరిగేచోట మన కన్ను కూడా ఉండాలి.

అందుకని ఈ సదస్సు నుంచి వెళ్లగానే మండలానికి ఇద్దరిని ఎంపిక చేద్దాం. ఒకరు పాతవాళ్లు, ఒకరు చదువుకున్న పిల్లలు. వచ్చే విచారణకు ముందు తమ మండలంలో ఎన్ని ఫీడర్లున్నాయి, ఏ ఫీడర్‌కు పగలు నిజంగా ఎన్ని గంటలు కరెంటు వస్తోంది, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని రోజులకు మారుస్తున్నారు అనేది ఒక నోటు పుస్తకంలో రోజూ రాయాలి. మూడు నెలలు రాస్తే అదే మన అభ్యంతర పత్రం. పక్క రాష్ట్రం నుంచి కరెంటు తెస్తారా, రాజస్థాన్ నుంచి తెస్తారా అనేది పైవాళ్ల మాట. మన స్టార్టర్ దగ్గరికి ఎంత వచ్చిందో మాత్రం మనకంటే బాగా చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు.

నోటు పుస్తకాలు బయట బల్ల మీద ఉన్నాయి. పోయేటప్పుడు మండలానికి ఒకటి తీసుకెళ్లండి.